కళా చరిత్ర పాఠాన్ని డిజిటల్ సాధనాలతో ఎలా చెప్పాలి: అమరావతి శిల్పంతో ఒక పూర్తి నమూనా

డిగ్రీ, పీజీ తరగతులకు చిత్రకళ, శిల్పకళ, కళా చరిత్ర బోధించే అధ్యాపకుల నుంచి ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. డిజిటల్ సాధనాలతో పాఠం చెప్పాలంటే ఏ యాప్ వాడాలి? తరగతి గదిలో ప్రొజెక్టరు ఉంది, ఇంటర్నెట్టు అంతంత మాత్రం, విద్యార్థుల చేతుల్లో ఉన్నవి ఫోన్లు మాత్రమే; ఈ పరిస్థితిలో ఎక్కడ మొదలుపెట్టాలి? యాప్‌తో మొదలుపెట్టిన పాఠం చాలాసార్లు యాప్ నేర్పడంతోనే ముగిసిపోతుంది. అందువల్ల ఇక్కడ ముందుగా ఒక శిల్పాన్ని ఎంచుకుని, దాన్ని చూపించడానికి ఏ దశలో ఏ సాధనం అవసరమవుతుందో ఆ దశలోనే దాన్ని వివరిస్తున్నాం. ఈ నమూనా యాభై నిమిషాల తరగతులు రెండింటికి, ఒక ప్రయోగశాల తరగతికి సరిపోతుంది.

ఉదాహరణగా అమరావతిని తీసుకోవడానికి కారణం ఉంది. అక్కడి బౌద్ధ మహాస్తూపపు శిల్పాలు నేడు ఒక్క చోట లేవు. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని, అమరావతిలోని పురావస్తు మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. గుంటూరులోనో విజయవాడలోనో చదువుకుంటున్న విద్యార్థి కూడా వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటే తెర తప్ప మార్గం లేదు. డిజిటల్ సాధనం నిజంగా అక్కరకు వచ్చేది ఇలాంటి చోటే. మీ కళాశాలకు గంట దూరంలో ఉన్న ఆలయ శిల్పాన్ని తెర మీద చూపించి సరిపెట్టడం మాత్రం సాధనాన్ని తప్పుగా వాడటమే. అక్కడికి విద్యార్థులను తీసుకెళ్లండి.

కావలసినవి

- ఒక ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు లేదా పెద్ద టీవీ తెర. కిటికీలకు తెరలు లేకపోతే టీవీయే మేలు.
- ముందుగా దించి పెట్టుకున్న నాలుగైదు పెద్ద ఫొటోలు, వాటిని పెట్టుకోవడానికి ఒక పెన్‌డ్రైవ్.
- విద్యార్థుల ఫోన్లు. నలుగురికి ఒకటి ఉన్నా చాలు.
- పొరలుగా గీయడానికి వీలున్న ఏదైనా బొమ్మల యాప్. ఫోనులో ఐబిస్ పెయింట్ లేదా స్కెచ్‌బుక్, కంప్యూటరులో కృత లేదా గింప్ సరిపోతాయి. కృత, గింప్ రెండూ పూర్తిగా ఉచితం.
- కొలత టేపు, మాస్కింగ్ టేపు, సుద్దముక్క. ఇవి ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.
- యూనికోడ్‌లో తెలుగు టైపు చేసే ఏర్పాటు. పాత నోట్సు అను ఫాంట్లలో ఉంటే దాన్ని ముందుగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి. లేకపోతే స్లైడ్లలో, గూగుల్ ఫారంలో అతికించిన వెంటనే అది అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది.

పాఠం నడిపే విధానం

1. ఒక శిల్పాన్నీ, దాని గురించి అడగబోయే ఒక ప్రశ్ననూ ఎంచుకోండి.

ఒక తరగతిలో నలభై స్లైడ్లు చూపించే అలవాటు ఉంటే ముందుగా దాన్ని వదులుకోవాలి. ఈ పాఠానికి మనం తీసుకుంటున్నది చెన్నై మ్యూజియంలోని నలగిరి వృత్తఫలకం. రాజగృహంలో బుద్ధుడి విరోధి దేవదత్తుడు ఆయన మీదికి నలగిరి అనే మదపుటేనుగును ఉసిగొల్పడం, అది బుద్ధుడి ఎదుట లొంగిపోవడం ఇందులోని కథ. గుండ్రటి ఫలకంలో ఎడమవైపు ఏనుగు జనాన్ని చెదరగొడుతూ ఉంటుంది, తొండానికి చిక్కిన మనిషి ఒకడు కనిపిస్తాడు, భయంతో తోడున్న వాడిని గట్టిగా పట్టుకున్న స్త్రీ ఒకతె ఉంటుంది, పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు ఉంటాయి. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది.

విద్యార్థులను అడగవలసిన ప్రశ్న చిన్నది: ఈ ఫలకంలో ఎన్ని ఏనుగులున్నాయి? రెండని కొందరంటారు, ఒకటేనని కొందరంటారు. ఒకే పాత్రను ఒకే చట్రంలో రెండుసార్లు చూపి కాలాన్ని నడిపించే కథన పద్ధతిని మీరు నిర్వచనంతో మొదలుపెట్టి చెబితే విద్యార్థి దాన్ని వల్లె వేస్తాడు. ఈ వాదన నుంచి చెబితే దాన్ని కనిపెడతాడు.

2. పెద్ద ఫొటోను సంపాదించండి. హక్కుల సంగతి అప్పుడే చూడండి.

గూగుల్ ఇమేజెస్‌లో కనిపించిన మొదటి బొమ్మను దించుకోవడం అందరూ చేసే పని, అదే అతి పెద్ద పొరపాటు. అక్కడ మీకు దొరికేది తరచూ చిన్న నకలే. వికీమీడియా కామన్స్‌లో వెతికితే మూల ఫైలు ఎన్ని పిక్సెళ్లు ఉందో, తీసిన వారు ఎవరో, ఏ షరతు మీద వాడుకోవచ్చో ఒకే పుటలో తెలుస్తాయి. అక్కడ 'మూల ఫైలు' అన్న లంకెనే నొక్కాలి. పుటలో ముందుగా కనిపించే బొమ్మను సేవ్ చేస్తే మళ్లీ చిన్నదే వస్తుంది.

ఎన్ని పిక్సెళ్లు కావాలన్నది సులభంగా లెక్క కట్టవచ్చు. సాధారణ ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టరు వెడల్పు 1920 పిక్సెళ్లు. ఫొటో వెడల్పులో సగభాగాన్ని తెర నిండా చూపాలంటే మీ ఫొటో వెడల్పు కనీసం 3840 ఉండాలి. నాలుగో వంతును తెర నిండా చూపాలంటే 7680 కావాలి. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఈ అంకె చూసుకోవడానికి అర నిమిషం పట్టదు.

హక్కుల విషయంలో మ్యూజియంలన్నిటికీ ఒకే పద్ధతి లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019 నుంచి, హక్కుల చిక్కు లేని తమ కళాఖండాల ఫొటోలను ఏ షరతూ లేకుండా వాడుకోనిస్తున్నాయి. మెట్రోపాలిటన్‌లో గోల్కొండ ప్రాంతపు 17వ శతాబ్దపు కలంకారీ వస్త్రాలు కూడా ఉన్నాయి కాబట్టి వస్త్రకళ బోధించేవారికి అది మంచి గని. బ్రిటిష్ మ్యూజియం ఫొటోలను వ్యాపారేతర అవసరాలకు, మూలం పేర్కొంటూ వాడుకోవచ్చు. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో బొమ్మను ఎంత దగ్గరగానైనా చూడవచ్చు కానీ దించుకోవడం సాధారణంగా కుదరదు. అందువల్ల ఇంటర్నెట్టు నమ్మకంగా ఉన్న గదిలోనే దాని మీద ఆధారపడండి. మన దేశంలోని మ్యూజియంల కోసం 'మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా' పోర్టల్ చూడండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు అక్కడ ఉన్నాయి. అందులోని ఫొటోలు అన్నీ పెద్దవి కావు, కానీ వస్తువు వివరాల పట్టిక బోధనకు చాలా పనికొస్తుంది.

3. ఫైళ్లను సిద్ధం చేసి, పాఠం జరిగే గదిలోనే ఒకసారి చూసుకోండి.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు శిల్పం, స్థలం, మ్యూజియం, ఫొటో తీసినవారు అన్న క్రమం పాటించండి. మూడు నెలల తర్వాత ఫోల్డరు తెరిస్తే 'ఐఎంజీ 2043' అన్న పేరు ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇక్కడ రెండు చోట్ల ఫొటో నాణ్యత మీకు తెలియకుండానే పోతుంది. మొదటిది వాట్సాప్. తరగతి గ్రూపులో ఫొటోగా పంపితే అది కుదించుకుపోతుంది. అదే ఫైలును 'డాక్యుమెంట్' గా పంపితే యథాతథంగా చేరుతుంది. రెండోది పవర్‌పాయింట్. సేవ్ చేసేటప్పుడు అది బొమ్మలను కుదిస్తుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ విభాగానికి వెళ్లి, ఫైలులోని బొమ్మలను కుదించవద్దన్న గడిలో టిక్కు పెట్టండి. నిజానికి దగ్గరగా చూపవలసిన బొమ్మను స్లైడులో పెట్టకుండా మామూలు ఫొటో వ్యూయర్‌లో తెరిచి చూపడమే నయం.

గదిలో పరీక్షించేటప్పుడు తెల్లటి నుంచి నల్లటి వరకు పది మెట్లుగా ఉన్న బూడిదరంగు పట్టీని ఒక స్లైడుగా వేసి, చివరి బెంచీలో కూర్చుని చూడండి. చీకటి వైపు మూడు మెట్లు కలిసిపోయి ఒకే నల్లటి ముద్దలా కనిపిస్తే, శిల్పంలో నీడలో ఉన్న ముఖాలు కూడా అలాగే మాయమవుతాయి. ప్రొజెక్టరు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సరిచేయండి, ముందు వరుస లైట్లు ఆర్పించండి. అప్పటికీ కుదరకపోతే విద్యార్థుల ఫోన్లకు ముందుగానే ఫైలు పంపి, వారి తెరల మీదే చూడమనండి. శిల్పం విషయంలో ఫోను తెర చాలా ప్రొజెక్టర్ల కన్నా నిక్కచ్చిగా చూపిస్తుంది.

4. మొదటి పది నిమిషాలు పేరు చెప్పకండి.

శీర్షిక, కాలం, స్థలం ఏమీ లేకుండా ఫలకాన్ని తెర మీద ఉంచండి. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, రాయకూడదు. ఆ తర్వాత గూగుల్ ఫారంలో గానీ కాగితం మీద గానీ మూడు ప్రశ్నలకు జవాబు రాయించండి: ఏమేమి కనిపిస్తున్నాయి? కన్ను ముందుగా ఎక్కడికి వెళ్లింది, అక్కడి నుంచి ఎటు కదిలింది? ఏనుగులు ఎన్ని?

ఫారం వాడితే ఒక జాగ్రత్త అవసరం. జవాబులు వెంటనే అందరికీ కనిపించే ఏర్పాటు పెట్టవద్దు. మొదటి ఇద్దరు రాసిందే మిగతావారు రాస్తారు. ఫోన్లు బయటికి తీసిన వెంటనే కొందరు బొమ్మను వెతికి పేరు కనుక్కుంటారు కాబట్టి ఈ పది నిమిషాలూ కాగితమే మంచిదని మా అభిప్రాయం. డిజిటల్ పాఠంలో ప్రతి నిమిషమూ డిజిటల్‌గానే ఉండాలన్న నియమం ఏదీ లేదు.

5. దగ్గరికి తీసుకెళ్లండి, మళ్లీ వెనక్కి రండి.

ఇప్పుడు ఫొటోను పెద్దది చేసి వరుసగా నాలుగు చోట్ల ఆగండి: కిటికీల్లోని ముఖాలు, తొండానికి చిక్కిన మనిషి, భయపడిన స్త్రీ చేతులు, మోకరిల్లిన ఏనుగు వీపు వంపు. ఒక్కొక్క చోట నిమిషానికి తక్కువ కాకుండా నిలవండి. ప్రతి చోటు తర్వాత తప్పనిసరిగా మొత్తం ఫలకాన్ని మళ్లీ చూపండి. చాలామంది అధ్యాపకులు దగ్గరికి వెళ్లడం మాత్రమే చేస్తారు. విద్యార్థికి ముక్కలు గుర్తుంటాయి, ఆ ముక్క ఫలకంలో ఎక్కడుందో గుర్తుండదు. ఎడమవైపు గందరగోళం, కుడివైపు ప్రశాంతత అన్న విభజన వెనక్కి వచ్చినప్పుడే కనిపిస్తుంది.

మౌస్ చక్రంతో పెద్దది చేస్తే బొమ్మ గెంతుతూ కదిలి చూసేవారికి తల తిరుగుతుంది. ఆ నాలుగు భాగాలను ముందే కత్తిరించి నాలుగు ఫైళ్లుగా పెట్టుకోవడం దీనికి ప్రత్యామ్నాయం. కరెంటు మీద, ఇంటర్నెట్టు మీద నమ్మకం లేని చోట్ల ఆ నాలుగు ముక్కలనూ ఏ4 కాగితం మీద ముద్రించి బల్లకు ఒక్కొక్కటి పంచండి.

6. అసలు పరిమాణాన్ని గదిలో చూపించండి.

తెర మీద అన్నీ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. చేర్యాల నకాషీ పటంలోని ఒక గడి, అమరావతి ఫలకం, లేపాక్షి పైకప్పు చిత్రం మూడూ మూడు స్లైడ్లయితే విద్యార్థి మనసులో మూడూ ఒకే కొలతలో మిగులుతాయి. డిజిటల్ బోధనలో ఇంతగా నష్టపరిచేది, ఇంత సులభంగా సరిదిద్దగలిగేది మరొకటి లేదు.

మ్యూజియం పుటలో ఇచ్చిన ఎత్తు, వెడల్పు రాసుకుని, మాస్కింగ్ టేపుతో ఆ కొలతను గోడ మీద అతికించండి, ఒక విద్యార్థిని దాని పక్కన నిలబెట్టండి. మహాస్తూపం విషయానికి వస్తే దాని అడుగుభాగం వ్యాసం దాదాపు 50 మీటర్లు. దీనికి గది చాలదు కాబట్టి కళాశాల మైదానంలోకి వెళ్లి సుద్దతో ఒక మధ్యబిందువు గుర్తించి, 25 మీటర్ల తాడుతో వలయంలో నడిపించండి. స్లైడులో కొలత రాసి ఊరుకుంటే సరిపోదు, ఆ అంకెను ఎవరూ ఊహించుకోరు.

పైకప్పు చిత్రాలను బోధించేటప్పుడు మరో చిక్కు ఉంది. లేపాక్షి వీరభద్రాలయంలో చిత్రాన్ని తలెత్తి చూడాలి, నడుస్తూ చూడాలి. తెర మీద అది గోడకు వేలాడదీసిన బొమ్మలా కనిపిస్తుంది. ప్రొజెక్టరును ఒక్కసారి గది పైకప్పు మీదికి తిప్పి చూపండి. బొమ్మ కాస్త వంకరగా పడుతుంది, అయినా ఫరవాలేదు.

7. ఫొటో మీద గీయించండి.

చిత్రకళ విద్యార్థులకు ఇదే అసలు పని. చరిత్ర విద్యార్థులకైనా తప్పించవద్దు. బొమ్మల యాప్‌లో ఫలకం ఫొటోను అడుగు పొరగా పెట్టి దాని అపారదర్శకతను (ఒపాసిటీ) సగానికి తగ్గించి, ఆ పొర కదలకుండా తాళం (లాక్) వేయించండి. దాని మీద మూడు పొరలు తెరిపించండి. మొదటి పొరలో ఎర్ర రంగుతో ప్రధాన దేహాల వంపుగీతలు మాత్రమే గీయాలి. రెండో పొరలో నీలం రంగుతో ప్రతి మనిషి చూపు ఎటు ఉందో బాణంగా గీయాలి. మూడో పొరలో ముందు వరుస, మధ్య వరుస, వెనుక వరుసలను మూడు బూడిద ఛాయలతో నింపాలి. ఆ తర్వాత అడుగు పొరను దాచేస్తే మిగిలే గీతల్లో శిల్పి కూర్పు బయటపడుతుంది: బాణాలు ఎటు గుమికూడుతున్నాయి, గీతలు ఎక్కడ చిక్కగా ఉన్నాయి, ఎక్కడ ఖాళీ వదిలారు.

ఇక్కడ విద్యార్థులు చేసే తప్పు ఒకటుంది. నగలు, జుట్టు, గోళ్లతో సహా నకలు గీయడం మొదలుపెడతారు. గడువు పదిహేను నిమిషాలే అని, లావు కుంచె తప్ప సన్న కుంచె వాడకూడదని ముందే చెబితే ఆ సమస్య రాదు. ఫోను చిన్నదై వేలితో గీయడం కష్టమనిపిస్తే, ముద్రించిన ఫొటో మీద పారదర్శక ప్లాస్టిక్ కాగితం పరిచి, మార్కరు పెన్నుతో గీయించి ఫొటో తీసుకోండి, ఫలితం అదే.

8. రెండో శిల్పంతో పోల్చండి. మ్యూజియం చీటీని చదవడం నేర్పండి.

రెండో తరగతికి బ్రిటిష్ మ్యూజియంలోని ప్రసిద్ధ స్తూప ఫలకాన్ని తీసుకోండి. దాని రిజిస్టరు సంఖ్య 1880,0709.79. మ్యూజియం వెబ్‌సైటులో ఈ సంఖ్యతో వెతికితే నేరుగా దొరుకుతుంది. ఇది రెండు వైపులా చెక్కిన రాయి. ఒకవైపు, అంటే పాత వైపు, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవారు. బుద్ధుడి రూపం ఉండదు. కొన్ని శతాబ్దాల తర్వాత, సుమారు క్రీ.శ. 3వ శతాబ్దంలో, అదే రాతిని తిప్పి రెండోవైపు అలంకరించిన స్తూపాన్ని చెక్కారు. రెండు వైపుల ఫొటోలనూ ఒకే స్లైడులో ఒకే ఎత్తున పక్కపక్కన పెట్టండి. ఒకే రాతి మీద శతాబ్దాల తేడా కనిపిస్తుంది కాబట్టి, శైలి మార్పు గురించి మీరు వేరుగా ఉపన్యసించవలసిన పని చాలావరకు తగ్గుతుంది.

పోలిక కోసం జక్స్‌టాపోజ్ అనే ఉచిత సాధనం ఉంది. మధ్యలో గీతను జరిపితే ఒక బొమ్మ తొలగి మరొకటి కనిపిస్తుంది. అది ఒకే వస్తువును ఒకే కోణంలో రెండు కాలాల్లో తీసిన ఫొటోలకే బాగుంటుంది. 1816, 1817 సంవత్సరాల్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ బృందం గీయించిన అమరావతి చిత్రాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అప్పటి గీత చిత్రాన్ని, అదే రాతి నేటి ఫొటోను ఇలా జరిపి చూపితే ఏ అంచు విరిగింది, ఏ ముఖం అరిగిపోయింది అన్నది విద్యార్థులే చెబుతారు. వేర్వేరు శిల్పాలకు ఈ సాధనం వాడితే మాత్రం వింత తప్ప విషయం ఉండదు.

ఇప్పుడు మ్యూజియం చీటీ సంగతి. ప్రతి ఏడాదీ కొందరు విద్యార్థులు ఈ ఫలకం 1880 నాటిదని రాస్తారు. రిజిస్టరు సంఖ్యలోని 1880,0709 అన్నది ఆ వస్తువు మ్యూజియం జాబితాలో చేరిన తేదీ, అంటే 1880 జూలై 9. చెక్కిన కాలం 'తయారైన తేదీ' అన్న గడిలో వేరుగా ఉంటుంది. అలాగే పాత రచనల్లో ఈ శిల్పాలకు 'అమరావతి మార్బుల్స్' అన్న పేరు కనిపించడం వల్ల అవి పాలరాతివని రాసేస్తారు. అది పల్నాటి సున్నపురాయి. తయారైన కాలం, పదార్థం, కొలతలు, దొరికిన చోటు, మ్యూజియానికి చేరిన తీరు అన్న ఐదు గడులతో ఒక పట్టిక ఇచ్చి, మ్యూజియం పుట నుంచి వాటిని పూరించమనండి. చేరిన తీరును నింపేటప్పుడు 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వకం, 1859లో శిల్పాలు లండన్ చేరడం వంటి వివరాలు బయటికి వస్తాయి. అవి అక్కడ ఎందుకున్నాయన్న ప్రశ్న తరగతి నుంచే వస్తుంది. దాన్ని తప్పించుకోకండి, చర్చకు పావుగంట కేటాయించండి.

9. కాలరేఖ, పటం.

కాలరేఖకు టైమ్‌లైన్ జేఎస్ సరిపోతుంది. గూగుల్ షీటులో వరుసలు నింపితే అదే కాలరేఖగా మారుతుంది. క్రీస్తు పూర్వపు సంవత్సరాల ముందు మైనస్ గుర్తు పెట్టాలి, లేకపోతే క్రీ.పూ. 200 కాస్తా క్రీ.శ. 200 అయిపోతుంది. విద్యార్థులు ఈ పనిని ఇంటి దగ్గర చేసుకోగలరు, తరగతి సమయం దీనికి ఖర్చు చేయవద్దు. స్తూపాల స్థలాలను గూగుల్ మై మ్యాప్స్‌లో గుర్తింపజేస్తే అమరావతి, జగ్గయ్యపేట, భట్టిప్రోలు, ఘంటసాల, నాగార్జునకొండ అన్నీ కృష్ణానది పొడవునా ఎలా పరుచుకున్నాయో తెలుస్తుంది. నాగార్జునకొండ తవ్విన లోయ ఇప్పుడు జలాశయం కింద ఉందని, శిల్పాలను ద్వీపంలోని మ్యూజియానికి చేర్చారని అక్కడ ఒక మాట చెప్పాలి. లేకపోతే పటంలో గుర్తు నీళ్ల మీద ఎందుకు పడిందని అడుగుతారు.

10. కావాలనుకుంటే: ఊళ్లోని శిల్పానికి త్రీడీ నమూనా.

ప్రయోగశాల తరగతికి ఇది మంచి పని. విద్యార్థుల ఊళ్లలో వీరగల్లులు, సతి రాళ్లు, విరిగిన నంది విగ్రహాలు ఎన్నో ఉంటాయి. మబ్బు పట్టిన రోజున గానీ నీడలో గానీ, ఫ్లాష్ లేకుండా, రాయి చుట్టూ తిరుగుతూ మూడు ఎత్తుల నుంచి యాభై అరవై ఫొటోలు తీయించండి. ఒక్కో ఫొటోలో కనీసం మూడింట రెండు వంతులు ముందు ఫొటోలో ఉన్న భాగమే ఉండాలి. రాతి పక్కన కొలబద్ద ఉంచితే నమూనాకు కొలత వస్తుంది. పాలీక్యామ్ వంటి ఫోను యాప్‌లో గానీ, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరులో మెష్‌రూమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో గానీ వీటిని కలపవచ్చు.

హెచ్చరికలు ఇక్కడ కాస్త ఎక్కువే. అక్షరాలు బాగా కనిపించాలని రాతి మీద సుద్ద, నూనె, పిండి పూయనివ్వకండి. పూజలో ఉన్న విగ్రహమైతే పూజారిని, గ్రామస్థులను అడగకుండా మొదలుపెట్టవద్దు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం: కాపలా లేని శిల్పం ఫొటోలను, నమూనాను అందరికీ కనిపించేలా పెట్టేటప్పుడు కచ్చితమైన స్థలాన్ని బయటపెట్టకూడదు. ఫోను కెమెరాలో లొకేషన్‌ను ఫొటోలు తీయకముందే ఆపేయించండి. విగ్రహాల దొంగలకు దారి చూపే పని మన తరగతి నుంచి జరగకూడదు.

తరచూ జరిగే పొరపాట్లు

పైన చెప్పినవి కాక మరికొన్ని ఉన్నాయి. ఫొటోను 'మెరుగుపరిచే' కృత్రిమ మేధ యాప్‌లను శిల్పాల మీద వాడటం ఈ మధ్య ఎక్కువైంది. అరిగిపోయిన ముఖానికి అవి కొత్త కళ్లు, కొత్త పెదవులు కల్పిస్తాయి. విద్యార్థి దాన్నే శాతవాహన కాలపు పనితనమనుకుని వర్ణిస్తాడు. మసకగా ఉన్న ఫొటోను మసకగానే చూపండి, లేదా మరో ఫొటో వెతకండి.

చాట్‌బాట్ రాసిన వర్ణనలను నిషేధించి ఆపలేం. ఆ పనిని పాఠంలోకే తెచ్చుకోవడం మేలు. నలగిరి ఫలకాన్ని వర్ణించమని తరగతిలోనే అడిగి, వచ్చిన జవాబులోని ప్రతి వాక్యాన్ని ఫొటోతో సరిచూడమనండి. బొమ్మలో చూపించగలిగితే టిక్కు, చూపించలేకపోతే సున్నా, బొమ్మకు విరుద్ధమైతే అడ్డగీత. ఇరవై నిమిషాల ఈ పని, కృత్రిమ మేధ గురించి ఇచ్చే ఏ ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది.

మరొకటి రంగు. శిల్పంలో నష్టం కాస్త తక్కువే కానీ కలంకారీ, నిర్మల్ చిత్రాలు, కుడ్యచిత్రాలు బోధించేటప్పుడు తెర మీది రంగును నమ్మి 'ముదురు ఎరుపు', 'ఆకుపచ్చ' అని పరీక్షలో మార్కులు వేయడం అన్యాయం. ఒకే ఫొటో మూడు ఫోన్లలో మూడు రంగుల్లో కనిపిస్తుంది. రంగు ముఖ్యమైన పాఠానికి అసలు వస్త్రపు ముక్కనో, కనీసం మంచి ముద్రణనో తరగతికి తీసుకురండి.

ఫలితం సరిచూసుకోవడం ఎలా

పాఠం బాగా జరిగిందా లేదా అన్నది విద్యార్థుల ఉత్సాహంతో కొలవకండి. కొత్త యాప్ చూపిస్తే ఉత్సాహం ఎలాగూ వస్తుంది. రెండు కచ్చితమైన పరీక్షలు చాలు.

మొదటిది గీటు పరీక్ష. విద్యార్థి రాసిన వర్ణన తీసుకుని, బొమ్మను చూడకుండానే రాయగలిగిన ప్రతి వాక్యాన్ని పెన్సిలుతో గీటు పెట్టి కొట్టేయండి. 'శిల్పి ఎంతో నైపుణ్యంతో సహజంగా మలిచాడు', 'ఇది భారతీయ కళకు మకుటాయమానం' వంటివి అన్నీ పోతాయి. 'మోకరిల్లిన ఏనుగు తల బుద్ధుడి పాదాల ఎత్తుకు దిగింది' వంటి వాక్యాలు మిగులుతాయి. నాలుగో మెట్టులో రాయించిన కాగితాలను, పాఠం అయ్యాక రాయించిన వాటిని ఇలాగే గీటు పెట్టి పక్కన పెట్టి చూడండి. రెండోసారి మిగిలిన వాక్యాలు పెరగకపోతే మీరు సమాచారం ఎక్కువ చెప్పారు, చూడటానికి సమయం తక్కువ ఇచ్చారు.

రెండోది తెలియని బొమ్మ పరీక్ష. వారం తర్వాత, తరగతిలో చూపని మరో అమరావతి లేదా నాగార్జునకొండ ఫలకాన్ని చీటీ లేకుండా తెర మీద వేసి, అవే మూడు ప్రశ్నలు అడగండి. ఏనుగుల స్థానంలో 'ఏ పాత్ర ఒకటి కన్నా ఎక్కువసార్లు కనిపిస్తోంది, దాన్ని ఎలా గుర్తుపట్టారు?' అని మార్చండి. ఒక్కసారే కనిపించే పాత్రలున్న ఫలకాన్ని కూడా ఒకటి కలపండి, ఎందుకంటే నేర్చుకున్నదాన్ని లేని చోట కూడా చూసే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. జవాబుతో పాటు ఫొటో మీద వలయం గీసి చూపమనాలి. వలయం లేని జవాబుకు సగం మార్కులే ఇవ్వండి. ఈ నియమాన్ని మొదటి తరగతిలోనే చెప్పి ఉంచితే పరీక్ష రోజు వాదనలు రావు.